రెండు శ్లాబుల లెక్క

రావులపాలెం దగ్గర మా పెద్దమ్మగారి ఊళ్లో సోలార్ మాట ఏడాదికి రెండుసార్లు లేస్తుంది. రోహిణి కార్తెలో రెండు ఏసీలు తిరిగాక బిల్లు వచ్చిన రోజు ఒకసారి, సబ్సిడీ గురించి పేపర్లో ప్రకటన పడిన రోజు మరోసారి. మధ్యలో ముసురు పట్టిందంటే ఆ మాట ఎవరూ ఎత్తరు. “ఆయ్, మనకెందుకండీ అది? నాలుగు నెలలు మబ్బు, రెండు నెలలు తుఫాను. సోలారంటే అనంతపురం వాళ్లకండీ” అనేది అరుగు మీద కూర్చున్నవాళ్ల తీర్పు. పోయినేడు మా అన్నయ్య పెట్టిద్దామా వద్దా అని తర్జనభర్జన పడుతుంటే ఆ లెక్కల్లో నేనూ తలదూర్చాను. అరుగు మీది తీర్పు పూర్తిగా తప్పు కాదు గానీ, వాళ్లు చెప్పే కారణం మాత్రం తప్పనిపించింది.

ముందు మబ్బు సంగతి. సోలార్ పలకలకు కావలసింది వెలుతురు. పల్చటి మబ్బున్న రోజున సగం దాకా కరెంటు వస్తుంది. శ్రావణంలో నల్లగా కమ్ముకున్న రోజున నాలుగో వంతుకో ఇంకా కిందికో పడిపోతుంది కానీ సున్నా కాదు. ఎండ రోజులూ ముసురు రోజులూ కలిపి ఏడాది సగటు తీస్తే, మన వైపు ఒక కిలోవాట్‌కి రోజుకు నాలుగు యూనిట్ల దగ్గర తేలుతుంది. చలీ మబ్బూ తప్ప మరోటి తెలియదనుకునే జర్మనీలో అదే కిలోవాట్ ఏడాదికి వెయ్యి యూనిట్లు ఇస్తే గొప్ప. మనకు అంతకంటే నాలుగైదు వందలు ఎక్కువే వస్తాయి. అయినా ఆ దేశం 2025 మొదట్లోనే సోలార్‌లో లక్ష మెగావాట్ల సామర్థ్యం దాటింది. అపార్టుమెంట్ల బాల్కనీ కమ్మీలకు కూడా పలకలు కట్టుకుంటున్నారు.

ఇంతవరకూ చెప్పి “చూశారా” అని ఆగిపోయేవాళ్లు అసలు సంగతి దాచేస్తున్నారు. జర్మనీ ఇంట్లో యూనిట్ కరెంటు ధర మన రూపాయల్లో ముప్ఫై దాటుతుంది. మన దగ్గర మొదటి ముప్ఫై యూనిట్ల ధర రూపాయి తొంభై పైసలు. ముప్ఫై రూపాయలు మిగిల్చే చోట మబ్బు కింద పెట్టినా గిట్టుతుంది. రెండు రూపాయలు మిగిల్చే చోట మండుటెండలో పెట్టినా గిట్టదు.

మబ్బు కంటే ఎండ వేడి గురించి మనవాళ్లు తక్కువ ఆలోచిస్తారు. పలక మీద రాసే వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. వేడి ఒక్కో డిగ్రీ పెరిగినకొద్దీ ఉత్పత్తి 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతుంది. మే నెలలో రాజమండ్రి డాబా మీద పలక 60 డిగ్రీలు సులువుగా దాటుతుంది. అంటే పన్నెండు, పదమూడు శాతం వేడికే ఆవిరి. చల్లటి దేశాలకు ఉన్న ఒక లాభం ఇదే. సంక్రాంతి రోజుల్లో, మంచు విడిచాక కాసే ఆ చల్లని ఎండలో పలక హాయిగా పనిచేస్తుంది. ఎండ ఎక్కువైతే కరెంటూ అంతే ఎక్కువ అనుకుని మే నెల మీద ఆశ పెట్టుకున్నవాళ్లు కాస్త నిరాశపడక తప్పదు.

ఇక అసలు లెక్క. మన భాషలో శ్లాబు అంటే రెండు: నెత్తి మీది కాంక్రీటు, కరెంటు బిల్లులోని అంచెలు. సోలార్ గిట్టుబాటు ఈ రెండింటి మీదే ఆధారపడింది.

బిల్లు శ్లాబులు ఇలా నడుస్తాయి. 30 యూనిట్ల దాకా 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6 రూపాయలు, 400 దాకా 8.75, ఆపైన 9.75. నెలకు 300 యూనిట్లు కాల్చే ఇల్లు తీసుకుందాం. సర్దుబాటు చార్జీలూ డ్యూటీలూ పక్కనపెట్టి కరెంటు ధర వరకే చూస్తే 1,673 రూపాయలు. అందులో కింది 75 యూనిట్ల ఖరీదు 192 రూపాయలు. పై 75 యూనిట్ల ఖరీదు 656. సోలార్ వచ్చి ముందుగా కోసేది ఆ పై ముక్కనే. కొబ్బరి దింపులో మొదట మంచి గెలలే దించినట్టు.

ఈ ఇంటికి రెండు కిలోవాట్లు పెడితే, ఏడాది సగటున నెలకు 230 యూనిట్ల చొప్పున వస్తాయనుకుంటే, మీటరు మీద మిగిలేది 70. దానికి కట్టేది 177 రూపాయలు. అంటే నెలకు పదిహేను వందలు మిగులు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కి 30 వేల చొప్పున సబ్సిడీ ఉంది. అది పోగా చేతి నుంచి పడేది ఎనభై వేలకు అటూ ఇటూ. నాలుగైదేళ్లలో తిరిగొస్తుంది. ఇంతవరకూ ఎవరికీ అభ్యంతరం ఉండకూడదు.

కానీ అమ్మేవాళ్లు మూడు కిలోవాట్ల మాటే చెబుతారు, ఎందుకంటే “78 వేల సబ్సిడీ” అనేది నోటికి పెద్దగా వినిపిస్తుంది. మూడో కిలోవాట్‌కి వచ్చేది 18 వేలే. అది తగ్గించేది మిగిలిన ఆ 177 రూపాయల ముక్కను. ఆపైన మిగిలిన యూనిట్లకు కరెంటు పంపిణీ సంస్థ (డిస్కం) లెక్కగట్టే ధర, మనం పై శ్లాబులో కొనే ధరతో పోలిస్తే బాగా తక్కువ. మూడో కిలోవాట్ మీద పెట్టిన డబ్బు తిరిగి రావాలంటే చాలాకాలం ఆగాలి. వేసవిలో ఐదు వందల యూనిట్లు దాటే ఇల్లయితే, రేపో మాపో కరెంటు స్కూటరు కొనేవాళ్లయితే అప్పుడు మూడోదానికీ అర్థం ఉంది. నెలకు 150 యూనిట్ల ఇంటికి? వాళ్ల కరెంటు ఖరీదు 567 రూపాయలు. అప్పు చేసి మరీ పెట్టుకోవలసినంత అవసరం నాకు కనిపించలేదు. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు రెండు కిలోవాట్లు ఉచితంగా, బీసీలకు అదనంగా 20 వేలు ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది కాబట్టి వాళ్ల లెక్క వేరు. ఉచితంగా వచ్చేదాన్ని నీడ లేని డాబా ఉన్నవాళ్లు వదులుకోనక్కర్లేదు.

నీడ అన్నాను కదా, రెండో శ్లాబు సంగతి అక్కడే మొదలవుతుంది. కోనసీమలో సోలార్‌కి అసలు శత్రువు కొబ్బరిచెట్టు. మబ్బు పలక అంతటినీ సమంగా మసక చేస్తుంది. కొబ్బరి మట్ట నీడ ఒక్క మూల పడుతుంది, నష్టం మాత్రం ఆ మూలకే పరిమితం కాదు. పలకలోని బిళ్లలన్నీ దీపావళికి వేలాడదీసే సీరియల్ బల్బుల్లా ఒకదాని వెనక ఒకటి కలిసి ఉంటాయి, ఒకటి మందగిస్తే మిగతావీ మందగిస్తాయి. ఇప్పటి పలకల్లో దారి మళ్లించే డయోడ్లు ఉన్నాయి కాబట్టి మొత్తం పోదు. మూడో వంతో సగమో పోతుంది. ఒక్కో పలకకు ఒక్కో చిన్న ఇన్వర్టర్ పెట్టే పద్ధతీ ఉంది, ఖర్చు ఎక్కువ. పైగా చెట్టు పెరుగుతుంది. ఇవాళ నీడ పడని చోట ఐదేళ్లకు పడుతుంది. ఎండు మట్ట ఊడి పడినా, కాయ రాలినా అద్దం సంగతి దేవుడెరుగు.

దక్షిణం వైపు చెట్టు లేని ఇల్లు మా పెద్దమ్మ ఊళ్లో చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రాజమండ్రిలో చెట్టు బదులు పక్కింటి మూడో అంతస్తు ఉంటుంది. పాత మండువా లోగిళ్ల పెంకుల మీద పలకలు నిలపడం మరో తలనొప్పి, ఆ పనికి చెయ్యి తిరిగినవాడు దొరకాలి.

దుమ్ము సంగతికొస్తే మనం అదృష్టవంతులం, వాన కడిగేస్తుంది. రైసు మిల్లుల దాపున ఉన్నవాళ్లకు మాత్రం ఆ అదృష్టం లేదు. మండపేట, తాడేపల్లిగూడెం వైపు ఉన్నవాళ్లకు డాబా మీద వాలే నల్లటి ఊక బూడిద గురించి నేను చెప్పనక్కర్లేదు. ఉతికిన పంచె ఆరేసినవాడినడిగినా చెబుతాడు. వారం పదిరోజులకోసారి పొద్దున్నే, పలక వేడెక్కకముందే నీళ్లు కొట్టాలి. అంతర్వేది, ఉప్పాడ లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో ఉప్పు గాలి పలక కంటే ముందు స్టాండునూ నట్లనూ తింటుంది. అక్కడ నాసిరకం ఇనుము పెట్టినవాడు పాతికేళ్ల వారంటీ కాగితం ఎంత భద్రంగా దాచుకున్నా లాభం లేదు.

డాబా ఖాళీ జాగా కాదు, ఇంట్లో ఆడవాళ్లకది మరో వంటిల్లు. కిలోవాట్‌కి వంద చదరపు అడుగుల చొప్పున రెండు వందల అడుగులు పోతే, వడియాలూ ఊరమిరపకాయలూ ఎక్కడ పెట్టాలి? ఆరడుగుల ఎత్తు స్టాండు వేసి కింద జాగా మిగుల్చుకోవచ్చు. అప్పుడు ఖర్చు పెరుగుతుంది, గాలి పట్టూ పెరుగుతుంది.

గాలి గురించి గోదావరి జిల్లాల వాళ్లకు పాఠం చెప్పే పని లేదు. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. వెయ్యి మందికి పైగా పోయారు, కోనసీమలో కొబ్బరితోటలు తోటలుగా నేలకొరిగాయి. 2018 డిసెంబరులో పెథాయ్ తుఫాను యానాం దగ్గర్లో తీరం దాటింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దాపున దాటింది. ఎత్తు స్టాండు మీద బిగించిన నాలుగైదు పలకలంటే ఆ గాలికి తెరచాప ఎత్తినట్టే. పిట్టగోడ ఎత్తుకు మించకుండా, కాంక్రీటులోకి సరిగ్గా దిగగొట్టి బిగిస్తే నిలుస్తాయి. శ్లాబు కారుతుందన్న భయంతో రంధ్రం వేయనివ్వకుండా సిమెంటు దిమ్మల మీద ఉత్తినే ఆన్చి వదిలేయడం మన తీరానికి పనికిరాని పొదుపు. మా బంధువులాయన ఒకరు స్టాండు దగ్గర ఎనిమిది వేలు బేరమాడి తగ్గించానని గొప్పగా చెప్పుకున్నారు. ఆయన పలకల్లో రెండు మరుసటి గాలివానకు పక్కింటి చేలో తేలాయి.

తుఫాను అనగానే చాలామంది వేసుకునే మరో లెక్క ఉంది: కరెంటు స్తంభాలు పడిపోయి వారం రోజులు చీకట్లో ఉన్నా మనకు సోలార్ ఉంటుందిగా అని. ఉండదు. మన ఊళ్లలో ఇన్వర్టర్ అంటే కరెంటు పోతే ఫ్యాను తిప్పే బ్యాటరీ పెట్టె. సోలార్‌తో వచ్చే ఇన్వర్టర్‌కి పేరొకటే, పని వేరు. లైనులో కరెంటు పోగానే అదీ ఆగిపోతుంది. అది లోపం కాదు, కావాలని అలా చేసిందే. ఆగకపోతే మన డాబా కరెంటు ఎదురుగా లైనులోకి ఎక్కి, స్తంభం మీద పనిచేస్తున్న లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. చీకట్లోనూ కరెంటు కావాలంటే బ్యాటరీ కలిపిన రకం తీసుకోవాలి, దాంతో నాలుగైదేళ్ల లెక్క కాస్తా ఎక్కడికో పోతుంది. ఈ ఒక్క ముక్కా అమ్మే రోజునే చెబితే తరవాత జరిగే గొడవల్లో సగం జరగవు.

డిస్కం వైపు నుంచి కూడా కాసేపు చూడాలి. నెట్ మీటరింగ్ అంటే పగలు మనకు అక్కర్లేని కరెంటును లైనులో దాచుకుని రాత్రి ఏసీకి వాడుకోవడం. నిజానికి లైను దేన్నీ దాచుకోదు. రాత్రి మనకిచ్చే యూనిట్‌ను ఎక్కడో ఎవరో అప్పుడే తయారుచేయాలి. తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు, మనుషుల ఖర్చు అలాగే ఉంటుంది. పెద్ద బిల్లులు కట్టే డాబాలవాళ్లు తప్పుకుంటే ఆ బరువు రేకుల ఇళ్లవాళ్ల మీదికి జరుగుతుందనే వాదన కొట్టిపారేసేది కాదు. కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్లనడిగితే చెబుతారు: 2023 ఏప్రిల్ తర్వాత పెట్టించుకున్నవాళ్లకు అక్కడ మిగులు కరెంటు ధర ముప్పావు వంతు దాకా తెగిపోయింది. ఆ గాలి ఇక్కడికీ రాదని ఎవరూ పూచీ ఇవ్వలేరు. కాబట్టి తిరుగు రాబడికి పదేళ్లు పట్టే బేరం నమ్మకం లేనిది, నాలుగేళ్లలో తేలేది ఫర్వాలేదు. భీమవరం వైపు రొయ్యల చెరువులవాళ్లు సోలార్ మాటెత్తితే నవ్వడానికి కారణమూ ఈ రాత్రే. ఏరేటర్లు గట్టిగా తిరగాల్సింది తెల్లవారుజామున, నీళ్లలో ప్రాణవాయువు పడిపోయే వేళ.

అయినా పెద్ద కేంద్రాలే నమ్మకం, డాబా మీది పలకలు కాదు అనే మాట ఈ నేల మీద నిలబడి అనడం కష్టం. కాళ్ల కింద గ్యాసుందని వేమగిరిలో, రావులపాలెం దగ్గర కోట్లు పోసి కట్టిన విద్యుత్ కేంద్రాలు, కేజీ బేసిన్ గ్యాసు తగ్గిపోగానే ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా పడి ఉండిపోయాయి.

అన్నయ్య అన్నీ విని చివరికి రెండు కిలోవాట్లకు దిగాడు. మొదటి అడ్డంకి మబ్బూ కాదు, డబ్బూ కాదు. మీటరు ఇంకా తాతగారి పేరు మీదే ఉంది, ఆయన పోయి పందొమ్మిదేళ్లు. పేరు మార్పించి, కాగితాలు తిప్పేసరికి రెండు నెలలు. పలకలు బిగించడానికి వచ్చినతను డాబా ఎక్కి, నైరుతి మూల చెట్టు చూపించి, అది కొట్టేస్తే సాయంత్రం ఇంకో గంట ఎండ దొరుకుతుందన్నాడు. పెద్దమ్మ కింద నుంచే అంది: “అది నాటినప్పుడు నువ్వు పుట్టలేదబ్బాయ్. నీ పలకలే కాస్త అవతలికి జరుపుకో.”

తూర్పు వైపుకి జరిపారు. ఇప్పుడు మూడున్నరకి చెట్టు నీడ మొదటి పలక అంచు మీదికి వస్తుంది. పెద్దమ్మ వడియాలు ఎత్తేదీ ఆ వేళకే.