సీసాలో సాంబ్రాణి

ఈసారి మన శీర్షికలో వంటా లేదు, పండగా లేదు. ఒక సెంటు సీసా కబుర్లు చెబుతాను.

మా అమ్మాయి మొదటి జీతంతో నాకు షనెల్ కంపెనీ వాళ్ళ 'కోరమాండెల్' కొనిచ్చింది. రెండు వందల డాలర్ల పై మాటే. "ఎందుకే ఇంత డబ్బు తగలేశావు?" అన్నాను. "ముందు వాసన చూడమ్మా, తరవాత తిడుదువు గాని" అంది.

సరే, పరీక్ష మొదలుపెట్టాను. మణికట్టు మీద ఒక్కసారి కొట్టుకుని, రుద్దకుండా వదిలేశాను. మొదట నారింజ తొక్క గిల్లినట్టు అనిపించింది. పావుగంటకి అది పోయి, తడిమట్టి, పాత చెక్క బీరువా కలిసిన వాసన వచ్చింది. అదే పచౌలీ. గంట దాటాక తెల్ల చాక్లెట్‌లా తియ్యబడింది. దాని వెనకే సన్నగా పొగ వాసన. ఎక్కడో బాగా తెలిసిందే, పేరు మాత్రం గుర్తు రాలేదు. రాత్రి అంట్లు తోమాక కూడా వదల్లేదు!

పిల్లలూ, పచౌలీ మన తులసికీ, పుదీనాకీ చుట్టమే. ఎక్కువగా ఇండోనేషియాలో పండిస్తారు. ఆకులు ఎండబెట్టి, ఆవిరి పట్టి నూనె తీస్తారు. ఆ నూనె నిలవున్న కొద్దీ బాగుంటుంది, మన పాత చింతకాయ పచ్చడిలా. 'పచ్చ ఇలై', అంటే పచ్చాకు అనే తమిళ మాట నుంచి ఆ పేరు వచ్చిందంటారు. 19వ శతాబ్దంలో కాశ్మీరు శాలువలకి పురుగు పట్టకుండా మడతల్లో ఈ ఆకు పెట్టి ఐరోపాకి పంపేవారు. ఆ వాసన ఉంటేనే అసలు శాలువ అని అక్కడి దొరసానులు నమ్మేవారట.

ఇక 'కోరమాండెల్' అంటే మన తూర్పు తీరమే. చైనాలో చేసిన లక్క తెరలు ఈ తీరం మీదుగా ఐరోపా చేరేవి కాబట్టి వాటికి ఆ పేరు స్థిరపడింది. షనెల్ దొరసానికి ఆ తెరలంటే ప్రాణం. 2007లో వచ్చిన ఈ సెంటుకి వాటి పేరే పెట్టారు. 1611లోనే ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వాళ్ళు వర్తకానికి దిగిన మా బందరు ఉన్నదీ ఆ తీరంలోనే.

ఆ బందరు నుంచే ఆర్నెల్ల కోసం మా అమ్మ వచ్చి ఉంది. నా చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని, "సాంబ్రాణి కదుటే ఇది!" అంది. వెతికి చూస్తే నిజమే. ఇందులో ఉన్న 'బెంజోయిన్' మన సాంబ్రాణే.

నాకు నోట మాట రాలేదు. మా అమ్మాయి చిన్నప్పుడు ప్రతి ఆదివారం తలంటి, జుట్టుకి సాంబ్రాణి పొగ వేసేదాన్ని. స్మోక్ అలారం మోగేది, మావారు తువ్వాలుతో విసిరేవారు. నాలుగో తరగతిలో ఒకరోజు బడి నుంచి వచ్చి, "నీ జుట్టు అదోలా కంపు కొడుతోందన్నారు" అని షాంపూ సీసా సగం ఖాళీ చేసింది. ఆ పిల్లల్ని ఏమన్నా అనాలనీ, దీన్ని ఓదార్చాలనీ నాకు తోచలేదు. సాంబ్రాణి పొట్లం పై అరలోకి తోసేశాను. అంతే, మళ్ళీ తియ్యలేదు. సిగ్గుపడింది అదొక్కతే కాదు మరి.

"తెలిసే కొన్నావా?" అని అడిగాను. "షాపులో పది వాసన చూశానమ్మా. ఇదొక్కటే నీలా అనిపించింది" అంది.

ఇక నా తీర్పు. వాసన మంచిదే, తియ్యదనం కాస్త ఎక్కువ. ఎండాకాలానికి పనికిరాదు, చలికాలం శాలువ మీద బ్రహ్మాండం. ఒక్కసారి కొట్టుకుంటే చాలు, రెండోది పక్కవాళ్ళకి శిక్ష. షాపులో కాగితం ముక్క మీద చూసి కొనకండి. చేతికి రాసుకుని, మూడు గంటలు తిరిగొచ్చి అప్పుడు నిర్ణయించుకోండి. ఆ డబ్బు పెట్టాలా అంటే, నా మటుకు నేను పెట్టను. కానీ ఈ సీసాని మాత్రం ఎవరికీ ఇవ్వను.

పోయిన ఆదివారం మా అమ్మ మనవరాలికి తలంటింది. ఇండియన్ స్టోర్ నుంచి కొత్త సాంబ్రాణి తెచ్చాం. అలారం మోగింది. మావారు తువ్వాలు కోసం పరిగెత్తారు.

మీ ఇంట్లో పై అరలోకి తోసేసిన పొట్లం ఏదో మాకు రాయండి. వచ్చే సంచికలో కలుద్దాం.