ఆగిపోతే చెప్పి వెళ్ళండి



పోయిన నెలలో ఒక ఆదివారం అందరూ వెళ్ళిపోయాక ఒక తల్లి మా దగ్గర ఆగింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "అయ్యగారూ, మావాడికి మీరన్నా చెప్పండి. ఇద్దరు పిల్లల తండ్రి. ఆ చలి దేశంలో కొండల మీద పరుగెడుతున్నాడంట. కాలు జారితే ఎవరు దిక్కు?" అన్నది. ఆమె కొడుకు ఇంగ్లండు ఉత్తర భాగంలో నర్సుగా పనిచేస్తున్నాడు.

ఆ రాత్రే ఫోన్ చేశాము. దాచడమెందుకు, మందలించాలనే చేశాము. "నలభై దగ్గరకు వస్తున్నావు, ఇప్పుడీ ఆటలేంటి బాబూ? రూపాయి వస్తుందా దానివల్ల?" అన్నాము. "ఫెల్ రన్నింగ్ అండి" అన్నాడు. ఫెల్ అనగానే పడిపోయాడేమోనని కంగారుపడ్డాము. అతను నవ్వి, అక్కడివాళ్ళు కొండను ఫెల్ అంటారని చెప్పాడు. మా రెండో ప్రశ్న మీరు ఊహించిందే, ఆదివారం సంగతి. "వేసవిలో వారం మధ్య సాయంత్రాలు, మిగతా రోజుల్లో శనివారాలండి" అన్నాడు. ఆ తరువాత గంటసేపు అతనే మాట్లాడాడు. మేము సిద్ధం చేసుకున్న మందలింపు మాటలు ఒక్కొక్కటే నోట్లోనే ఉండిపోయాయి.

ఫెల్ అన్నది పూర్వం నార్సు జాతివాళ్ళు తెచ్చిన మాట. చెట్లు లేని, గొర్రెలు మేసే ఎత్తైన కొండ అని అర్థం. ఇంగ్లండులోకెల్లా ఎత్తైన స్కాఫెల్ పైక్ 978 మీటర్లే. మన తూర్పు కనుమల్లో దానికంటే ఎత్తైన కొండలున్నాయి. కాని అక్కడ నేల బురద, రాళ్ళగుట్టలు, మోకాలి లోతు గడ్డి. పొగమంచు దిగితే పక్కనున్న మనిషి కూడా కనపడడు. చాలా పందేలలో దారికి గుర్తులుండవు. ఎక్కవలసిన శిఖరాలేవో చెబుతారు, దారి నీవే వెదుక్కోవాలి. అందుకే వానకోటు, టోపీ, చేతితొడుగులు, మ్యాపు, దిక్సూచి, ఈల, కాస్త తిండి వెంట తీసుకువెళ్ళమంటారు. ఆపదలో ఆ ఈల ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఊదాలి.

ఈ పరుగులో పేరుమోసినవాళ్ళెవరా అని చదివాము. చాలామంది మనలాంటి కాయకష్టపు మనుషులే. కెస్విక్ అనే చిన్న ఊళ్ళో అతిథిగృహం నడుపుకునే బాబ్ గ్రాహం 1932 జూన్‌లో, నలభై దాటిన వయసులో, ఇరవైనాలుగు గంటలు నిండకముందే 42 శిఖరాలు ఎక్కి దిగాడు. దూరం సుమారు 66 మైళ్ళు. ఎక్కిన ఎత్తంతా కలిపితే సుమారు 27,000 అడుగులు, అంటే ఎవరెస్టు కంటే కొంచెమే తక్కువ. కాళ్ళకు టెన్నిస్ బూట్లు. ఆ తరువాత 28 ఏళ్ళు ఇంకెవ్వరూ చేయలేకపోయారు. 1960లో అలన్ హీటన్ చేశాడు. 1977లో జీన్ డావ్స్ అనే స్త్రీ మొదటిసారి పూర్తి చేసింది.

జాస్ నేలర్ అనే గొర్రెల కాపరి సంగతి మమ్మల్ని మరీ కదిలించింది. చిన్నప్పటినుంచీ నడుము బాగుండేది కాదు, యవ్వనంలోనే వెన్నుకు ఆపరేషను జరిగింది. ఆ మనిషే 1975లో ఒక్క రోజులో 72 శిఖరాలు ఎక్కాడు. డెబ్బై ఏళ్ళు నిండాక 70 శిఖరాలు చుట్టివచ్చాడు. 2024లో, 88వ ఏట కన్నుమూశాడు.  కొండ అతనికి ఆటస్థలమూ పొలమూ కూడా.

బాబ్ గ్రాహం తిరిగిన ఆ చుట్టు పూర్తి చేసినవాళ్ళకొక క్లబ్బుంది. అందులో చేరాలంటే ప్రతి శిఖరం మీదా ఒక తోడు మనిషి సాక్షిగా ఉండాలి. ఒంటరిగా ఎక్కి వచ్చి, ఎక్కానని చెప్పుకుంటే చెల్లదు. ఈ రోజు ఒకడి సంచి మోసి, మ్యాపు చూసి, రాత్రంతా వెంట నడిచినవాడికి రేపు ఆ మొదటివాడు తోడు వెళతాడు. రాతిపని చేసుకునే బిల్లీ బ్లాండ్ 1982లో ఆ చుట్టును 13 గంటల 53 నిమిషాల్లో ముగించాడు. ఆ రికార్డు 36 ఏళ్ళు నిలిచింది. 2018లో కిలియన్ జోర్నెట్ దానిని దాటి ఊళ్ళోకి పరుగెత్తుకుని వచ్చినప్పుడు, అతన్ని పలకరించడానికి బిల్లీ బ్లాండే అక్కడ ఉన్నాడు.

మన తమ్ముడు మాత్రం వీళ్ళలాంటివాడు కాదు. వందమంది పరుగెడితే ఎనభయ్యో వాడు. "మరి ఏముంది అందులో?" అని అడిగాము. "దిగేటప్పుడు అయ్యగారూ," అన్నాడు, "పైకి ఎక్కేటప్పుడు ప్రాణం పోతుంది, నడుస్తాం, మోకాళ్ళ మీద చేతులు పెట్టి నడుస్తాం. పైకెళ్ళాక గాలి మొహాన కొడుతుంది. ఇక కిందికి వదిలేస్తే చిన్నప్పుడు మన చెరువుగట్టు మీదనుంచి దొర్లినట్టే. ఆ పది నిమిషాలు వార్డు గుర్తురాదు, అప్పు గుర్తురాదు." పందెం అయ్యాక ఊరి హాల్లో టీ, కేకు ముక్క. మొదటివాడూ చివరివాడూ ఒకే బల్ల దగ్గర బురదకాళ్ళతో కూర్చుంటారట.

మన ఊళ్ళలో నలభై దాటినవాడు ఆడితే నవ్వుతాము. ఆడదానికైతే ముప్పైకే ఆట ముగుస్తుంది. ఏ పనికైనా "ఏమొస్తుంది?" అనే కొలత పెడతాము. మేమూ ఆ రాత్రి అదే కొలత పెట్టాము, అది మా తప్పు. రోజంతా రోగుల మధ్య గడిపేవాడికి వారానికొక సాయంత్రం పిల్లవాడిలా పరుగెత్తే చోటు దొరికితే దానికి లాభనష్టాలు లెక్కవేయనక్కరలేదు. ఆనందించడం బద్ధకం కాదని మా అభిప్రాయం.

అయినా ఆ తల్లి భయం ఉత్త భయమని మేము అనము. తడిసిన ఒంటికి చలిగాలి తగిలితే వేసవిలో కూడా ప్రాణం మీదికి వస్తుంది. కొండలమీద ఈ పందేలలో మనుషులు చనిపోయారు. అందుకే అక్కడొక కట్టుబాటుంది. మధ్యలో ఎవరు మానుకున్నా సరే, పందెం ముగిసేచోటికి వెళ్ళి, బల్ల దగ్గరున్నవాళ్ళకు తన నంబరు చెప్పే ఇంటికి వెళ్ళాలి.

మన తమ్ముడు మొదటి ఏడాది ఈ కట్టుబాటు తప్పాడు. పొగమంచులో దారి తప్పి, వేరే పక్కకు దిగి, సిగ్గుపడి ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి ఇంటికి వెళ్ళిపోయాడు. సాయంత్రం లెక్క చూస్తే ఒక మనిషి తక్కువ. పొద్దున్నుంచి నిలబడి అలిసిపోయినవాళ్ళే వానలో మళ్ళీ కొండెక్కి అతని కోసం ఈలలు ఊదుతూ వెదికారు. అతనేమో స్నానం చేసి, ఫోను పక్కనపెట్టి నిద్రపోయాడు. రెండు గంటల తరువాత ఫోనెత్తి ఏడ్చాడట. మరుసటి వారం క్షమాపణ చెప్పడానికి వెళితే ఎవరూ తిట్టలేదు. "మానుకోవడం తప్పు కాదు. చెప్పకపోవడమే తప్పు" అన్నారంతే.

ఈ మాట దగ్గర మేము చాలాసేపు ఆగిపోయాము. ఎందుకంటే మన ఇళ్ళలో ఇది జరుగుతూనే ఉంది. పరీక్ష తప్పిన పిల్ల, పట్నంలో ఉద్యోగం పోయి కూడా రోజూ ఆఫీసుకని బయలుదేరే కుర్రాడు, పంటకు తెచ్చిన అప్పు తీరే దారి లేక ఇంట్లో నోరెత్తని రైతు. వీళ్ళంతా పందెంలోనుంచి దిగిపోయినవాళ్ళే. ఓడినందుకు కాదు, చెప్పలేక నలిగిపోతున్నారు. కొందరికోసం మనం నిజంగానే రాత్రిపూట టార్చిలైట్లు పట్టుకుని చెరువుగట్ల మీద వెదికాము. ఆలస్యంగా వెదికాము.

వాళ్ళు చెప్పలేదని తప్పు పట్టేముందు ఒక్కటి అడుగుతున్నాము. వాళ్ళు వచ్చి చెప్పడానికి మన గుమ్మం దగ్గర ఆ బల్ల ఉందా? నంబరు చెప్పగానే టీ అందించేవాళ్ళున్నారా, లేక "పక్కింటివాడు చూడు" అనేవాళ్ళున్నారా? మేము ఆ రాత్రి ఫోనులో మొదట పలికినవి రెండో రకం మాటలే.

ఆ తల్లికి మేము చెప్పింది ఇదమ్మా: మానమని మేము చెప్పలేదు. బయలుదేరేముందు ఒక మెసేజీ, దిగాక ఒక మెసేజీ నీకు పెట్టమన్నాము, పెడతానన్నాడు. ఆమె పూర్తిగా ఒప్పుకోలేదు. కాని పోయిన శనివారం రాత్రి ఫోను తెచ్చి చూపించింది. బురదకొట్టుకున్న రెండు బూట్ల ఫొటో, కింద "దిగానమ్మా" అని ఒక్క మాట.

మీ ఇంట్లో ఈ రోజు ఎవరైనా మధ్యలో ఆగిపోయి ఉంటే, వాళ్ళు మీతో ఆ మాట చెప్పగలిగేలా ఉండండి.