పల్లంలో ఎవరున్నారు?

మనవాళ్ళు అమెరికాలో ఇల్లు కొన్నాక రెండో ఏడో మూడో ఏడో నేల మీద పడతారు. మొదటి ఏడు గృహప్రవేశానికీ, కర్టెన్లకీ, బేస్‌మెంట్‌లో హోమ్ థియేటర్‌కీ సరిపోతుంది. ఆ తర్వాత గరాజ్ పక్కనున్న వాలు కంట్లో నలుసులా గుచ్చుకోవడం మొదలవుతుంది. "ఈ ఎత్తుపల్లాలు తీసేయిస్తే ఇంకో నాలుగు కార్లు పడతాయండీ" అని ఎవరో ఒకరు అంటారు. ఆ వేసవిలోనే బాబ్‌క్యాట్ దిగుతుంది, ట్రక్కుల్లో ఎర్రమట్టి వస్తుంది, నెల తిరక్కుండా కాంక్రీటు పడుతుంది. సత్యనారాయణ వ్రతానికి వచ్చినవాళ్ళు ఆ ప్యాడ్ మీద కార్లు పెట్టుకుని, "భలే చేయించారండీ" అని మెచ్చుకుని, పులిహోర తిని వెళ్తారు.

ఆ మెచ్చుకోలుతోనే నాకు పేచీ. నీళ్ళు ఎటు పోతాయని గానీ, పల్లంలో ఎవరున్నారని గానీ ఆ వచ్చినవాళ్ళలో ఒక్కరూ అడగరు.

నేనుండేది అట్లాంటాకి ఉత్తరాన. ఇక్కడి నేల సమతలం కాదు. అప్పలాచియన్ కొండలు దిగివచ్చి సర్దుకున్న ప్రాంతం, అంతా మిట్టలూ పల్లాలే. పైన పలచటి మంచి మట్టి, దాని కింద ఎర్రటి బంకమట్టి. కాలనీ కట్టేటప్పుడు బిల్డరు ఆ పై మట్టిని గీకేసి, బంకమట్టిని పెద్ద యంత్రాలతో తొక్కించి, దాని మీద గడ్డి పరిచి మనకు అమ్ముతాడు. అంటే మన పచ్చటి లాన్ కూడా సగం గచ్చులాంటిదే. వాననీరు అందులోకి నెమ్మదిగా ఇంకుతుంది, ఎక్కువ భాగం జారిపోతుంది. ఆ మిగిలిన సగాన్నీ కాంక్రీటు చేస్తున్నాం.

లెక్క చూద్దాం. 20 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పున్న ప్యాడ్ అంటే రెండు కార్లకు సరిపడే చోటు. దాని మీద ఒక్క అంగుళం వాన పడితే 250 గ్యాలన్ల నీరు. మన లెక్కలో చెప్పాలంటే 940 లీటర్లు, 60 బిందెలకు పైనే. అట్లాంటాలో ఏడాదికి సుమారు 50 అంగుళాల వాన పడుతుంది. అంటే ఆ చిన్న చదరం మీద నుంచే సంవత్సరానికి 47,000 లీటర్లు. హైదరాబాద్‌లో వేసవిలో మనం ఎదురుచూసే 5,000 లీటర్ల ట్యాంకర్లు తొమ్మిదికి పైగా. అదంతా ఇదివరకు కొంత ఇంకేది, కొంత చెట్లు తాగేవి, కొంత వాలు వెంబడి పలచగా పరుచుకుని పోయేది. ఇప్పుడు ఒక్క అంచు నుంచి, ఒక్క ధారగా, ఒక్కరి ఇంటి మీదికి పోతుంది.

అసలు "చదును" అన్న మాటలోనే చిక్కుంది. పని తెలిసినవాడు కట్టిన ఏ ప్యాడూ పూర్తి చదునుగా ఉండదు. అమెరికాలో చాలా రాష్ట్రాలు అనుసరించే ఇళ్ళ నిర్మాణ కోడ్ ప్రకారం పునాది చుట్టూ నేల మొదటి పది అడుగుల్లో కనీసం ఆరు అంగుళాలు కిందికి దిగాలి. ఆ పది అడుగుల లోపు కాంక్రీటు పోస్తే కనీసం రెండు శాతం వాలుండాలి. 20 అడుగుల ప్యాడ్ అంతా ఆ లెక్కనే పోస్తే ఈ చివరకీ ఆ చివరకీ దాదాపు అయిదు అంగుళాల తేడా ఉంటుంది. కంటికి కనపడకపోయినా నీటికి తెలుస్తుంది. నీరు పల్లమెరుగునని మన పెద్దలు ఊరికే అనలేదు. అయితే ఆ కోడ్ ముఖ్యంగా చూసేది మీ పునాది సంగతి. ఆ వాలు చివర మొదలయ్యేది పక్కవాడి నేలైతే అతని సంగతి చూడాల్సింది మీరే.

వాలును చదును చేయాలంటే ఉన్న మార్గాలు రెండే: పైన తవ్వాలి, లేదా కింద నింపాలి. తవ్వడం ఖరీదు కాబట్టి మనవాళ్ళు నింపడానికే మొగ్గుతారు. నింపిన మట్టిని ఆరేడు అంగుళాల పొరలుగా పోసి, ఒక్కో పొరనూ దిమ్మిస చేయాలి. అలా చేయకుండా ఒకేసారి మూడడుగులు పోసి పైన నాలుగుసార్లు బాబ్‌క్యాట్ నడిపితే, రెండు శీతాకాలాలు తిరిగేసరికి మట్టి కుంగుతుంది, కాంక్రీటు బీటలిస్తుంది. గోడ కట్టి వెనక కంకరా, చిల్లుల పైపూ పెట్టకపోతే తడిసిన మట్టి బరువుకి గోడ పొట్ట ఉబ్బుతుంది. ఇక చెట్ల సంగతి. ఓక్ చెట్టు వేళ్ళలో ఎక్కువ భాగం పైనున్న అడుగున్నర మట్టిలోనే ఉంటాయి. వాటి మీద కొత్త మట్టి పోస్తే ఊపిరాడక చెట్టు కొన్నేళ్ళలో మెల్లగా చస్తుంది. అప్పటికి మనం ప్యాడ్ సంగతి మరచిపోయి, "ఏదో తెగులు సోకింది" అనుకుంటాం.

ఆ చెట్టు కొట్టించి, అక్కడ బెర్ముడా గడ్డి పరిపిస్తాం. బెర్ముడా గడ్డి అంటే మరేమీ కాదు, మన గరికే. వినాయక చవితికి మన ఊళ్ళో ఏ గట్టు మీద చెయ్యి వేసినా దొరికే గరికని, దాని సంకరాలని ఇక్కడ చాపల్లా చుట్టి అమ్ముతుంటే డబ్బిచ్చి కొని, వేసవంతా గొట్టంతో నీళ్ళు పెడతాం. 2007లో ఇక్కడ కరువొచ్చింది. లేక్ లానియర్ నీటిమట్టం బాగా పడిపోయింది, తోటలకు నీళ్ళు పెట్టడం నిషేధించారు, నవంబర్‌లో గవర్నర్ సోనీ పెర్డ్యూ రాజధాని భవనం మెట్ల మీద నిలబడి వానకోసం ప్రార్థన చేశారు. 2009 సెప్టెంబర్‌లో అదే అట్లాంటాను వరద ముంచింది, మనుషులు కొట్టుకుపోయారు. వాన పడ్డప్పుడు తరిమేసి, పడనప్పుడు దేవుణ్ణి అడగడం ఏం తెలివి?

ఇదంతా నాకెందుకు పట్టిందో చెప్పాలి. మా వీధి చివర మిట్ట మీద ఒక తెలుగు కుటుంబం పెద్ద ప్యాడ్ వేయించింది. వాళ్ళ కింది ఇంట్లో రిటైరైన స్కూల్ బస్సు డ్రైవరు, ఆయన భార్య ఉంటారు. ఆ ప్యాడ్ పడ్డ తర్వాత మొదటి పెద్దవానకే వాళ్ళ బేస్‌మెంట్‌లోకి ఎర్రనీళ్ళు వచ్చాయి. ఆయన పైవాళ్ళ తలుపు కొట్టాడు. "మా పనికి పర్మిట్ ఉంది, మా కాంట్రాక్టర్‌కి లైసెన్స్ ఉంది" అని చెప్పి పంపించారు. ఆయన తర్వాత నా దగ్గరికి వచ్చాడు. చాలా మొహమాటపడుతూ, "తప్పుగా అనుకోకండి, మీరు మీవాళ్ళతో ఒకసారి మాట్లాడగలరా?" అన్నాడు.

"మీవాళ్ళు." ఆ మాట నాకు చురుక్కుమంది. మిట్ట మీద నిలబడి నీళ్ళు వదలడానికి తెలుగు రానక్కర్లేదు, ఈ దేశంలో అన్ని జాతులవాళ్ళూ ఆ పని చేస్తున్నారు. అయినా నేను మాట్లాడాను, కాలనీ సంఘం మీటింగులోనూ అదే చెప్పాను. ప్యాడ్‌కి అనుమతిచ్చేటప్పుడు ఆ సంఘం కాంక్రీటు రంగు అడిగింది, గోడకి ఏ రాయి వాడతారని అడిగింది. నీళ్ళెటు పోతాయని అడగలేదు. మీటింగు అయ్యాక పార్కింగ్ లాట్‌లో నాకు దొరికిన సన్మానం ఇది: "ఏంటన్నా, మనవాడివై ఉండి నువ్వు కూడా అటే మాట్లాడతావా?"

ఆ ప్రశ్నకి జవాబుగానే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. మనవాడంటే ఎవరు? మన భాష మాట్లాడేవాడా, మన నీళ్ళు ఎవరింట్లోకి పోతున్నాయో వాడా?

ఎదుటివాళ్ళ వాదన కొట్టిపారేయదగ్గదేమీ కాదు. ఇంట్లో ముగ్గురు పిల్లలు డ్రైవింగ్‌కి వస్తే అయిదు కార్లవుతాయి. రాత్రిపూట వీధిలో పెడితే సంఘం జరిమానా వేస్తుంది. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు వాలు మీద నడవలేరు. ఇవన్నీ నిజమైన అవసరాలే. పార్కింగ్ ప్యాడ్ కట్టొద్దని నేననను. "నా నేల, నా డబ్బు, నా ఇష్టం" అన్న మాట దగ్గరే నాకు కుదరదు. నేల మీదే, ఒప్పుకుంటాను. దాని మీద పడి జారిపోయే నీరు మాత్రం మీ కంచె దగ్గర ఆగి మీ పేరు చెప్పుకోదు. జార్జియా చట్టం కూడా ఇంచుమించు ఇదే చెబుతుంది: సహజంగా వచ్చే నీటిని పల్లంవాడు భరించాల్సిందే, కానీ మిట్టవాడు దాన్ని పోగుచేసి ఒకచోట ఎక్కువగా అతని మీదికి వదిలే హక్కు లేదు. పర్మిట్ చేతిలో ఉన్నంత మాత్రాన ఆ బాధ్యత తీరిపోదు.

మా సాఫ్ట్‌వేర్ వృత్తిలో ఒక పాత హాస్యం ఉంది. మన మాడ్యూల్లో బగ్గు పోయిందంటే పక్క టీముకి చేరిందని అర్థం. మన చదును కూడా అంతే.

ఈ అలవాటు ఇక్కడే ఆగితే ఒక వీధి గొడవ అనుకోవచ్చు. కానీ ఇక్కడ ప్యాడ్ వేయించిన చేత్తోనే మనం అక్కడ ప్లాట్లు కొంటున్నాం. హైదరాబాద్ చుట్టూ వేసిన వెంచర్ల ఫొటోలు వాట్సాప్‌లో వస్తాయి. నేలంతా అద్దంలా చదును, వరసగా పాతిన హద్దురాళ్ళు, మధ్యలో తారురోడ్డు. రేటు అడుగుతాం, క్లియర్ టైటిలేనా అని అడుగుతాం. చదును చేయకముందు అక్కడేముండేదని అడుగుతున్నామా? తెలంగాణ నేల అంతా గొలుసుకట్టు చెరువుల నేల. పై చెరువు నిండితే అలుగు పారి వాగులో పడి కింది చెరువుకి పోవాలి. ఆ వాగుని పూడ్చి ప్లాట్లు చేస్తే నీరు దారి మరిచిపోదు. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో పడ్డ వానకి చెరువు కట్టలు తెగి కాలనీలు మునిగినప్పుడు ప్రపంచమంతా చూసింది. 2024లో హైడ్రా ఏర్పడి చెరువుల్లో కట్టిన ఇళ్ళు కూల్చడం మొదలుపెడితే, మన ప్లాటు ఎఫ్‌టీఎల్‌లో ఉందా లేదా అని ఇక్కడ వాట్సాప్ గ్రూపుల్లో రాత్రంతా గుండెదడ. కొనేటప్పుడు పట్టని ఎఫ్‌టీఎల్, కూల్చేటప్పుడు పట్టింది.

చదును చేయడం మనకి కొత్తేమీ కాదు. వరి పండించిన జాతి మనది, మడిని చదును చేయడం మనకంటే బాగా ఎవరికి తెలుసు? కానీ మడికి గట్టుంటుంది, గట్టుకి మడవ ఉంటుంది. ఆ మడవ ఎక్కడ తీయాలో, ఎప్పుడు మూయాలో మా ఊళ్ళో పై మడివాడు కింది మడివాడితో మాట్లాడుకునేవాడు. తగాదాలూ అయ్యేవి, పారలూ లేచేవి. ఆ కాలం బంగారమని నేననను. కానీ కింద ఇంకో మడి ఉందన్న సంగతి మాత్రం ఎవరూ మరిచిపోయేవారు కాదు. మనం ఆ చదును తెచ్చుకుని మడవని అక్కడే వదిలేసి వచ్చాం.

చేయదలచుకున్నవాడికి దారులున్నాయి. కాంక్రీటు బదులు నీరు ఇంకే పేవర్లు వేసి, కింద లోతుగా కంకర పోయించవచ్చు. బంకమట్టి కాబట్టి కంకరలో నిలిచిన నీటికి ఒక పైపు దారి కూడా ఉండాలి. ప్యాడ్ పల్లపు అంచున లోతులేని గడ్డికాలువ తీయించి, నీటిని మీ పెరట్లోనే ఒక గుంటలోకి మళ్ళించి, తడికి తట్టుకునే మొక్కలు పెట్టవచ్చు. నాలుగు కార్ల చోటు బదులు రెండు కార్ల చోటుతో సర్దుకోవచ్చు. వ్రతం ఏడాదికి ఒక్కసారి, వాన అలా కాదు. దీనికి కొంచెం డబ్బు ఎక్కువవుతుంది, కాదనను. ఆ డబ్బు మీరు పెట్టకపోతే కిందివాడు బేస్‌మెంట్ గోడలకి పెడతాడు. ఎవరో ఒకరు పెట్టక తప్పదు. కట్టించుకున్నవాడే పెట్టడం న్యాయం.

తవ్వే ముందు 811కి ఫోన్ చేస్తే గ్యాసు పైపు ఎక్కడుందో, కరెంటు తీగ ఎక్కడుందో వచ్చి రంగులతో గీసి వెళ్తారు. నీటి దారిని మాత్రం ఎవరూ వచ్చి గీయరు. అది మీరే చూడాలి. ఒక పెద్దవాన రోజు గొడుగు వేసుకుని మీ స్థలంలో నడవండి. నీరు ఎక్కడ మొదలై ఎటు దిగుతోందో చూడండి. ఆ దిగిన చోట ఉన్న ఇంటి తలుపు కొట్టి, మీరు చేయించబోయే పనేమిటో చెప్పి, ఆ ఇంటివాళ్ళు చెప్పేది వినండి. కాంట్రాక్టర్‌కి అడ్వాన్స్ ఆ తర్వాత ఇవ్వవచ్చు.