విశ్లేషణ పత్రంలో ఇంకొంచెం చెప్పండి

అమెరికా ఇంజనీరింగ్ లైసెన్సు పరీక్షల మండలి ఎన్‌సీఈఈఎస్ నిర్వాహకులకు,

అయ్యా,

సివిల్ పీఈ (ప్రొఫెషనల్ ఇంజనీర్) పరీక్ష 2024 ఏప్రిల్‌లో కంప్యూటర్ మీదికి వచ్చాక ఫలితం వారం పది రోజుల్లోనే తెలుస్తోంది. వారాల తరబడి ఎదురుచూపులు తప్పించినందుకు కృతజ్ఞతలు.

అయితే పరీక్ష తప్పినవారికి మీరిచ్చే విశ్లేషణ పత్రం ఏ విభాగంలో వెనకబడ్డారో చూపుతుంది. ఎందుకు వెనకబడ్డారో చెప్పదు. సూత్రం రాకనా, డిజైన్ కోడ్‌లో నిబంధన దొరక్కనా, సమయం చాలకనా? పగలు ఉద్యోగం చేసి, రాత్రిళ్లు చదివి, 8 గంటలు కూర్చుని 80 ప్రశ్నలతో కుస్తీ పట్టిన మనిషికి ఇది తెలియాలి. తెలియకపోతే బాగా వచ్చినదాన్నే మళ్లీ మళ్లీ చదువుతాడు.

ప్రశ్నలు బయటపెట్టమనడం లేదు, గోప్యత అవసరమే. ఒక్కో విభాగానికి పట్టిన సమయమైనా ఆ పత్రంలో చేర్చండి. కంప్యూటర్ పరీక్షలో ఆ లెక్క తీయడం కష్టం కాదు.

భవదీయుడు,
ఒక తెలుగు సివిల్ ఇంజనీరు