పదహారు స్థానాలు, ఒక్క ఋత్విక్కు

కనుమనాడు కోనసీమ జనమంతా జగ్గన్నతోట ప్రభల తీర్థానికి తరలిపోతుంటే, మామిడికుదురులో పండుగకు ఇల్లు చేరిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి మేడగదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చొని ఉంటాడు. "పండుగపూట కూడా ఏమి పని నాన్నా?" అని తల్లి అడిగితే, "కోడ్ వ్రాసేదీ, పరీక్షించేదీ, సర్వర్ ఆగితే లేపేదీ, కస్టమర్‌కు జవాబు చెప్పేదీ నేనే కదమ్మా" అంటాడు. ఇట్టి ఉద్యోగం శ్రమ దోపిడీయని కొందరి వాదం. బహువిద్యలు తెలిసినవానికి ఇంతకంటె తగిన స్థానం లేదని మరికొందరి వాదం.

ఈ వివాదానికి ప్రమాణం యజ్ఞశాలలో ఉన్నది. అగ్నిహోత్రానికి అధ్వర్యుడొక్కడు చాలును. దర్శపూర్ణమాసాలకు నలుగురు ఋత్విక్కులు, చాతుర్మాస్యాలకు ఐదుగురు, పశుబంధానికి ఆరుగురు, సోమయాగానికి 16 మంది. కర్మ విస్తరించిన కొలదీ కర్తల సంఖ్య పెరిగింది. కొత్తగా ఆరంభమైన చిన్న సంస్థ అగ్నిహోత్రం వంటిది. అక్కడ ఒక్కడే అన్నీ చేయడం అన్యాయం కాదు, అది విద్యాభ్యాసమే. ఆ సంస్థయే పెరిగి లక్షలమందికి సేవలందించే దశకు చేరినా, పూర్వపు ఒక్కనితోనే నడిపిస్తే, అది ఒక్క అధ్వర్యునితో సోమయాగం చేయించడమే. దోషం అక్కడ ఆరంభమవుతుంది.

మరి అన్నీ తెలిసినవానికి స్థానమేది? యజ్ఞంలో అతడే బ్రహ్మ. మూడు వేదాల కర్మ తెలిసినవాడు, దక్షిణదిశలో మౌనంగా కూర్చొని, హోత, అధ్వర్యుడు, ఉద్గాతల కర్మలో లోపం కలిగితే ప్రాయశ్చిత్తంతో సరిదిద్దుతాడు. ఆ మౌనం చెదిరితే యజ్ఞం ఒంటిచక్రపు రథంలా కూలుతుందని ఛాందోగ్యోపనిషత్తు అభిప్రాయం. బహువిద్యావంతుని విలువ ఆ సమగ్రదృష్టిలోనే ఉన్నది. అతనిచేతనే మంత్రం చెప్పించి, ఆహుతి వేయించి, సామం పాడిస్తే, ఇక లోపాన్ని చూచేవాడెవడు? నేటి సంస్థలు చాలావరకు చేస్తున్నది ఇదే. బ్రహ్మను వెదకి తెచ్చుకొని, అతనికి బ్రహ్మస్థానం మాత్రం ఇవ్వవు.

దక్షిణ విషయంలోనూ శాస్త్రానికి స్పష్టత ఉన్నది. 100 గోవులు దక్షిణయైతే, ప్రధానులు నలుగురికి తలా 12, తరువాతి వరుసలవారికి క్రమంగా తలా 6, 4, 3 అని వ్యాఖ్యాతలు లెక్క చూపారు. కలిసి చేసే లౌకిక కార్యాలన్నింటికీ ఇదే న్యాయం వర్తిస్తుందని మనుస్మృతి అష్టమాధ్యాయం విధించింది. మూడు పాత్రలు మోపి ఒక్క పాత్రకే వేతనమిచ్చే పద్ధతికి ఇందులో ఆధారం లేదు.

ఈ మాట చెప్పే ముందు దేవాలయాలు తమ గర్భగుడి వైపు కూడా చూచుకోవాలి. చిన్న గ్రామాలయంలో ఊడ్చేవాడు, మడితో వండేవాడు, అలంకరించేవాడు, అర్చించేవాడు, లెక్కలు వ్రాసేవాడు ఒకే అర్చకుడు. 2024లో రాష్ట్రప్రభుత్వం ధూపదీప నైవేద్య పథకం క్రింద ఇచ్చే నెలసరి మొత్తాన్ని 5,000 నుండి 10,000 రూపాయలకు పెంచింది. అది సంతోషమే. పనులు మాత్రం ఎప్పటివన్నీ అతనివే.

కనుక ఉద్యోగంలో చేరబోయే యువకుడు వేతనం ఒక్కటే అడిగితే చాలదు. సంస్థ పెరిగితే తన పక్కన రెండవవాడిని ఎప్పుడు కూర్చోబెడతారు, తాను లేచి వెళ్ళిన కనుమనాడు ఆ స్థానంలో ఎవరుంటారు అన్నవి నియామకపత్రంపై సంతకానికి ముందే అడగవలసిన ప్రశ్నలు.