రెసిన్ ప్రింటర్ ఆర్డర్ పెట్టే ముందు కాస్త పుట్టీ కలిపి చూడండి

మనలో చాలామందికి ఇప్పుడు 3డీ ప్రింటర్ మీద కన్ను పడింది. ఫోన్ అప్‌గ్రేడ్ అయిపోయింది, ఇయర్‌బడ్స్ ఉన్నాయి, మెకానికల్ కీబోర్డ్ కూడా వచ్చేసింది. నెక్స్ట్ ఏంటంటే రెసిన్ ప్రింటర్. వార్‌హ్యామర్ లాంటి టేబుల్‌టాప్ వార్‌గేమ్స్ మీద ఇంట్రెస్ట్ ఉన్నవాళ్లయితే ఇంకా తొందరగా అక్కడికి వచ్చేస్తారు. వేలెడంత సైనికుల బొమ్మలున్న ఒక ప్లాస్టిక్ బాక్స్ ఇండియాకి తెప్పించుకుంటే ఎంతవుతుందో వాళ్లకి బాగా తెలుసు. ఒక్కసారి ప్రింటర్ కొనేస్తే ఆర్మీ మొత్తం ఇంట్లోనే తీసేసుకోవచ్చు కదా అనేది లెక్క.

లెక్క తప్పు కాదు. కానీ ఒక్క రకం బొమ్మల విషయంలో మాత్రం నేను ప్రింటర్ వైపు లేను. అవే బాడీ హారర్ మినియేచర్స్. మనిషి ఒళ్లు మనిషిది కాకుండా పోతున్నట్టు, కండ, ఎముక, మెషీన్ అన్నీ ఒకదాంట్లోకి ఒకటి పెరిగిపోయినట్టు ఉండే సై-ఫై బొమ్మలు. వీకెండ్స్‌లో నేను ఎక్కువగా చేసేవి ఇవే. మీకూ ఇలాంటివి చేయాలనుంటే నా సలహా ఒకటే: ముందు కత్తి, జిగురు, పుట్టీ. ప్రింటర్ సంగతి తర్వాత చూద్దాం. ఎందుకో చెప్తాను.

అసలు కిట్‌బాషింగ్ అంటే?

రెండు మూడు వేర్వేరు మోడల్ కిట్స్‌లోని పార్టులు కోసి, కలిపి, ఏ కిట్‌లోనూ లేని కొత్త మోడల్ తయారు చేయడమే కిట్‌బాషింగ్. ఇది సినిమాల నుంచి బాగా పాపులర్ అయ్యింది. 1977లో వచ్చిన స్టార్ వార్స్ కోసం స్పేస్‌షిప్‌లు చేసిన టీమ్, షాపుల్లో దొరికే ట్యాంకులు, విమానాల కిట్స్ కొని, వాటి ముక్కలు ఓడల ఒంటినిండా అతికించింది. స్క్రీన్ మీద అంత పెద్దగా, అంత డీటెయిల్డ్‌గా కనిపించే ఓడ మీద ఉన్నవి చాలావరకు పిల్లలు ఆడుకునే కిట్స్‌లోని పార్టులే.

వార్‌గేమింగ్‌లోకి వస్తే, బ్రిటన్‌కి చెందిన గేమ్స్ వర్క్‌షాప్ 1987లో వార్‌హ్యామర్ 40,000 మొదటి ఎడిషన్ తెచ్చింది. ఆ రోజుల నుంచే ప్లేయర్లు బొమ్మల చేతులు, తలలు మార్చుకునేవాళ్లు. ఆ కంపెనీకి చాలా ఏళ్లు ఆర్ట్ డైరెక్టర్‌గా ఉన్న జాన్ బ్లాంష్ దీన్ని ఇంకో లెవెల్‌కి తీసుకెళ్లారు. వైట్ డ్వార్ఫ్ మ్యాగజైన్‌లో బ్లాంషిట్సు పేరుతో వచ్చిన ఆయన శీర్షిక చూసి, ఒక తరం హాబీయిస్టులు ఆర్మీలు పక్కనపెట్టి, ఒక్కొక్క బొమ్మనీ ఒక క్యారెక్టర్‌లా చేయడం మొదలుపెట్టారు. తుప్పు, కుళ్లు, కుట్లు, ట్యూబులు, మాస్కులు, అన్నీ అందులోనే.

అసలు విషయం అతుకు దగ్గర ఉంది

బాడీ హారర్ ఎందుకు భయపెడుతుంది? పూర్తిగా రాక్షసుడైపోయిన దాన్ని చూస్తే మనకి పెద్దగా ఏమీ అనిపించదు. అది రాక్షసుడు, అంతే. భయం ఎక్కడ పుడుతుందంటే, సగం ఇంకా మనిషిలా ఉండి, మిగతా సగం వేరే ఏదో అవుతున్నప్పుడు.

1982లో వచ్చిన జాన్ కార్పెంటర్ సినిమా ది థింగ్ చూసినవాళ్లకి ఒక సీన్ జీవితంలో మర్చిపోవడం కష్టం. తెగిన తల కింద నుంచి సాలీడు కాళ్లు మొలుస్తాయి, ఆ తల నడుచుకుంటూ వెళ్లిపోతుంది. ముఖం మాత్రం అదే మనిషిది. అక్కడే ఉంది అసలు దెబ్బ. ఆ క్రీచర్ ఎఫెక్ట్స్ చేసిన రాబ్ బోటిన్ అప్పటికి ఇరవైల మొదట్లో ఉన్న కుర్రాడు. కంప్యూటర్ గ్రాఫిక్స్ లేవు, రబ్బరు, ఫోమ్, జెల్, చేతిపని. 1979 ఏలియన్ సంగతి కూడా అంతే. హెచ్.ఆర్. గీగర్ ఆ ప్రాణిని తయారు చేయడానికి ప్లాస్టిసిన్‌తో పాటు నిజమైన ఎముకలు వాడాడు. అంటే అదీ ఒకరకంగా కిట్‌బాషింగే.

ఇద్దరి పనిలోనూ కన్ను వెళ్లి ఆగేది ఒకే చోట. ఒకటి ఇంకొకటిగా మారే చోట. మన భాషలో అతుకు.

అతుకు అనగానే నాకు కొండపల్లి బొమ్మలు గుర్తొస్తాయి. తెల్ల పొణికి కర్రతో చేతులూ కాళ్లూ విడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో ఒంటికి అతికిస్తారు. అదే మక్కుతో అతుకు కనిపించకుండా నున్నగా చేసేస్తారు. టెక్నిక్ పరంగా చూస్తే మన హాబీలో పుట్టీ చేసే పని సరిగ్గా అదే. తేడా ఒక్కటే. వాళ్లు అతుకుని దాచడానికి మక్కు వాడతారు, బాడీ హారర్‌లో మనం అతుకుని చూపించడానికి పుట్టీ వాడతాం. సైనికుడి భుజం దగ్గర కవచం పగిలి, లోపల నుంచి వచ్చిన కండ ఒక పురుగు కాలుని పట్టుకుని ఉంటే, ఆ పట్టుకున్న చోట మీరు పెట్టే నాలుగు మిల్లీమీటర్ల పుట్టీలోనే కథ మొత్తం ఉంటుంది.

ప్రింటర్ ఎక్కడ ఆగిపోతుంది?

స్పెక్స్ చూస్తే ప్రింటర్‌ని తీసిపారేయడానికి ఏమీ లేదు. ఎలిగూ మార్స్ 4లో ఒక పిక్సెల్ సైజు 18 మైక్రాన్లు. 28 ఎంఎం స్కేల్ బొమ్మలో తల సైజే దాదాపు 4 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి, కనురెప్ప దాకా డీటెయిల్ వస్తుంది. నా చేత్తో అంత సన్నగా చెక్కడం నా వల్ల కాదు, ఒప్పుకుంటా.

కానీ మీరు కొన్న ఎస్‌టీఎల్ ఫైల్‌లో డెసిషన్లన్నీ ముందే అయిపోయి ఉంటాయి. టెంటకిల్ ఎక్కడ మొలవాలి, నోరు ఎటు చీలాలి, ఏ చెయ్యి ఇంకా మనిషిదిగా మిగలాలి, ఇవన్నీ వేరే ఆర్టిస్ట్ తన స్క్రీన్ మీద ఆలోచించేశాడు. మీ వంతు సపోర్ట్స్ పెట్టడం, స్లైస్ చేయడం, కడగడం, క్యూర్ చేయడం. అంటే ఆపరేటర్ పని. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి ఈ తేడా వెంటనే అర్థమవుతుంది. లైబ్రరీ ఇన్‌స్టాల్ చేసి రన్ చేయడం వేరు, రెండు పొంతన లేని సిస్టమ్స్ మధ్య ఇంటిగ్రేషన్ మనమే రాయడం వేరు. తలనొప్పంతా రెండోదాంట్లోనే, నేర్చుకునేదంతా కూడా అక్కడే.

ఇంకో సమస్య కూడా ఉంది. హాబీలో కొని కట్టకుండా వదిలేసిన బాక్సుల గుట్టకి పైల్ ఆఫ్ షేమ్ అని పేరు. ప్రింటర్ వచ్చాక ఆ గుట్ట హార్డ్ డిస్క్‌లోకి మారుతుంది. నెలనెలా సబ్‌స్క్రిప్షన్, నెలనెలా కొత్త ఫోల్డర్, ఓపెన్ చేయని జిప్ ఫైళ్లు. గ్యాడ్జెట్స్ ఇష్టపడే మనలాంటివాళ్లకి ఈ వీక్‌నెస్ ఇంకా ఎక్కువ. కొనడమే చేయడం అనిపిస్తుంది.

పుట్టీ దగ్గర ఆ అవకాశం లేదు. గ్రీన్ స్టఫ్ అని పిలిచే ఎపాక్సీ పుట్టీ నీలం, పసుపు రంగుల్లో వస్తుంది. రెండూ కలిపి పిసికితే ఆకుపచ్చగా మారుతుంది. అక్కడి నుంచి గంట, గంటన్నర టైం మీ చేతిలో ఉంటుంది. మొదట్లో జిగటగా ఉంటుంది, అప్పుడు అతికించాలి. కొంచెం బిగిశాక షేప్ ఇవ్వాలి. ఇంకా బిగిశాక చర్మం ముడతలు, నరాలు లాంటి సన్న పని. తర్వాత గట్టిపడిపోతుంది, కంట్రోల్ జెడ్ ఉండదు. ఆ గంటలో మీరు ఏదో ఒకటి డిసైడ్ చేయాల్సిందే.

అటువైపు వాదన

ప్రింటర్ ఫ్యాన్స్ చెప్పేదాంట్లో నిజం ఉంది. చేతులు వణికేవాళ్లకి, చూపు సమస్య ఉన్నవాళ్లకి స్క్రీన్ మీద జూమ్ చేసి పనిచేయడం పెద్ద వరం. బ్లెండర్‌లో రెండు మోడల్స్ కలిపి డిజిటల్ కిట్‌బాషింగ్ చేసేవాళ్లున్నారు, అక్కడ అతుకు గురించి ఆలోచించేది వాళ్లే, కాబట్టి వాళ్లతో నాకు గొడవే లేదు. ట్యాంకులు, బిల్డింగులు, ఒకేలాంటి ఇరవై మంది సైనికులు కావాలంటే ప్రింటర్‌ని మించింది లేదు.

అయితే కొనే ముందు రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి. ఒకటి, క్యూర్ కాని రెసిన్ చర్మానికి తగిలితే అలర్జీ రావచ్చు. నైట్రైల్ గ్లౌజులు, మంచి వెంటిలేషన్, ప్రింట్లు కడగడానికి ఐపీఏ, ఇవన్నీ కావాలి. ముగ్గురు కలిసుండే పీజీ రూమ్‌లో, పడుకునే మంచం పక్కన పెట్టే వస్తువు కాదది. రెండు, గేమ్స్ వర్క్‌షాప్ సొంత ఈవెంట్లలో 3డీ ప్రింట్ మోడల్స్‌ని ఒప్పుకోరు. వాళ్ల కిట్స్‌తో చేసిన కిట్‌బాష్ అయితే, ఆ యూనిట్ ఏంటో ఎదుటివాళ్లకి అర్థమయ్యేలా ఉంటే పర్లేదు.

మొదలుపెట్టడానికి ఏం కావాలి?

ఒక ప్లాస్టిక్ సైనికుల కిట్, ఏదైనా జంతువో పురుగో డైనోసారో ఉన్న చవక బొమ్మ, పదునైన హాబీ నైఫ్, సైడ్ కట్టర్, ఫెవిక్విక్, పేపర్ క్లిప్. కిట్ పార్టులు పాలీస్టైరీన్ అయితే వాటి మధ్య ప్లాస్టిక్ సిమెంట్ బెస్ట్, రెండు ముక్కల్నీ కాస్త కరిగించి ఒకటి చేస్తుంది. పాలీస్టైరీన్ కాని బొమ్మ ముక్కలకీ, రెసిన్‌కీ అది పనిచేయదు, సూపర్‌గ్లూనే వాడాలి.

పుట్టీకి గ్రీన్ స్టఫ్ దొరక్కపోతే కంగారు పడక్కర్లేదు. మ్యూరల్ ఆర్ట్‌కి వాడే ఫెవిక్రిల్ మౌల్డిట్ కూడా రెండు భాగాల ఎపాక్సీ క్లేనే, స్టేషనరీ షాపుల్లో దొరుకుతుంది. పైపు లీకులకి వాడే ఎం-సీల్ తొందరగా గట్టిపడుతుంది కాబట్టి సన్న పనికి పనికిరాదు కానీ, లోపల గుజ్జు నింపడానికి బాగుంటుంది.

కొన్ని ట్రిక్స్:

మిగిలిన ఫ్రేమ్ ముక్కల్ని ప్లాస్టిక్ సిమెంట్‌లో ఒక రాత్రి నానబెడితే జిగట పేస్ట్ అవుతుంది. పాలీస్టైరీన్ మోడల్ మీద బ్రష్‌తో అద్దితే కరిగిన చర్మంలా కనిపిస్తుంది.

సూపర్‌గ్లూ మీద కాస్త వంటసోడా చల్లితే వెంటనే గరుకుగా గట్టిపడుతుంది. పుళ్లకి, పక్కులకి పర్ఫెక్ట్. పొగ వస్తుంది, కిటికీ తీసి చేయండి.

పాత గిటార్ తీగ ముక్క మెషీన్ ట్యూబ్‌లా ఉంటుంది. పాడైన వైర్డ్ ఇయర్‌ఫోన్స్ కేబుల్ చీల్చితే లోపల సన్న రాగి తీగలుంటాయి, మెలిపెడితే నరాలు రెడీ. పాత ఫోన్ బోర్డులు కూడా వాడొచ్చు కానీ బ్యాటరీ జోలికి మాత్రం అస్సలు వెళ్లొద్దు, ఉబ్బినదైతే ముట్టుకోవద్దు.

పుట్టీ పనిముట్టుకి అంటుకోకుండా దాన్ని నీళ్లలో ముంచుతూ ఉండండి. టూత్‌పిక్, సూది చాలు, సెట్లు కొనక్కర్లేదు. గట్టిపడ్డాక సాండ్‌పేపర్ రుద్దేటప్పుడు మాస్క్ పెట్టుకోండి.

చేసేటప్పుడు ఒక్క రూల్ పెట్టుకుంటే చాలు. ఒక బొమ్మలో ఒక్క మార్పు. మొదటిసారి అందరికీ టెంటకిల్స్, కళ్లు, పళ్లు, ట్యూబులు అన్నీ పెట్టేయాలనిపిస్తుంది. అప్పుడు అది ముద్ద అయిపోతుంది. టేబుల్ మీద బొమ్మని మనం చూసేది మూడడుగుల దూరం నుంచి. మనిషి నిలబడ్డ తీరు, చేతిలో ఆయుధం, ముఖం, వీటిలో కనీసం ఒకటి మామూలుగా వదిలేయండి. ఆ మామూలుగా ఉన్న భాగమే మిగతాదాన్ని భయంకరంగా చేస్తుంది. ఆటకి కూడా అదే మంచిది, ఎదుటి ప్లేయర్ మీ బొమ్మని చూసి అదేంటో ఒక్క క్షణంలో గుర్తుపట్టగలగాలి.

నా వెర్డిక్ట్

నాలుగైదు బొమ్మలు ఇలా చేత్తో పూర్తి చేశాక కూడా ప్రింటర్ కావాలనిపిస్తే హ్యాపీగా కొనండి. అప్పటికి మీ వాడకమే మారిపోయి ఉంటుంది. పూర్తి బొమ్మల ఫైళ్ల కోసం వెతకరు, ఒక రెక్క కావాలి, ఒక దవడ కావాలి, ఆరు పురుగు కాళ్లు కావాలి అని వెతుకుతారు. ప్రింట్ చేసి, పూర్తిగా క్యూర్ చేసి, మాస్క్ పెట్టుకుని కోసి, పుట్టీతో అతికిస్తారు. ప్రింటర్ మీకు పార్టుల షాపు అవుతుంది, బొమ్మ మాత్రం మీదే ఉంటుంది.

ఒక్క బొమ్మ కూడా చేత్తో చేయకుండా ముందే కొంటే, ఆరు నెలల తర్వాత దాన్ని ఓఎల్‌ఎక్స్‌లో పెట్టే ఛాన్సే ఎక్కువ. మౌల్డిట్ ప్యాకెట్‌కి ఆ రిస్క్ లేదు. ఈ శనివారం ఒకటి తెచ్చి, ఇంట్లో పాత బొమ్మ ఏదైనా ఉంటే దాని చెయ్యి ఒకటి కోసి చూడండి. ఆ ఖాళీలో ఏం పెరగాలో మీకే తట్టడం మొదలవుతుంది.