నర్సమ్మలకు జర్మన్ తెలుగులో చెప్పండి

సికింద్రాబాద్ చుట్టుపక్కల శిక్షణ కేంద్రాల్లో ఇప్పుడు జర్మన్ నేర్చుకుంటున్నవాళ్లలో నర్సింగ్ చదివిన ఆడపిల్లలున్నారు. జర్మనీలో పూర్తిస్థాయి నర్సుగా గుర్తింపు రావాలంటే మామూలుగా బీ2 స్థాయి భాష కావాలి. ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా ఆ దారిలో పిల్లల్ని పంపిస్తోంది. సంతోషమే. నా పేచీ వాళ్లకు క్రియలు నేర్పే తీరుతోనే.

మా మేనకోడలు మారేడుపల్లి నుంచి రోజూ అలాంటి ఒక కేంద్రానికి వెళ్తుంది. దాని నోటుబుక్కులో ఎడమవైపు జర్మన్ మాట, కుడివైపు ఇంగ్లిష్ అర్థం. ‘ష్రైబెన్’ అంటే రాయడం. దాని కింద ‘ఆప్‌ష్రైబెన్’ అంటే చూసి రాయడం, ‘ఉంటర్‌ష్రైబెన్’ అంటే సంతకం పెట్టడం, ‘ఫెర్‌ష్రైబెన్’ అంటే డాక్టరు మందు రాయడం. ఒకదానికొకటి చుట్టరికమే లేనట్టు వరసగా బట్టీకి సిద్ధం. ‘‘ముందు చిన్న ముక్క మారితే మొత్తం మారిపోతోంది మామయ్యా, ఎన్నని గుర్తుపెట్టుకోను?’’ అంటుంది. నేను తెలుగు పంతులుగా పనిచేస్తూనే, తార్నాకలో అప్పట్లో సీఫెల్ అనే ఇప్పటి ఇఫ్లూలో సాయంత్రాలు జర్మన్ చదువుకున్నవాణ్ణి. ఊరుకోబుద్ధి కాలేదు.

ఆహారం, విహారం, సంహారం, పరిహారం. నాలుగింట్లోనూ ధాతువు ఒకటే. ముందున్న ఉపసర్గ ఒకచోట అన్నం పెట్టింది, ఒకచోట షికారుకు తిప్పింది, ఒకచోట ప్రాణం తీసింది, ఇంకోచోట నష్టానికి డబ్బు ఇప్పించింది. సంస్కృతంలో ఉపసర్గలు 22. మా పిల్ల ఇంటర్లో మార్కుల కోసం సంస్కృతమే తీసుకుంది (మార్కులు వచ్చాయి, ఉపసర్గలు ఎటుపోయాయో అడక్కండి). జర్మన్ క్లాసులో ఈ సంగతి ఒక్కసారి చెప్పినా సగం భయం పోయేది.

అచ్చ తెలుగులోనూ ఇలాంటి పని జరుగుతుంది, కాకపోతే మనం తోకవైపు చేస్తాం. ‘కొట్టేశాడు’ అంటే దొంగతనం, ‘కొట్టుకున్నారు’ అంటే తగాదా, ‘కొట్టుకుపోయింది’ అంటే వరద. ‘రాసు’కుంటే గుర్తుకోసం, ‘రాసి’స్తే వేరే సంగతి: డాక్టరు మందు రాసిస్తాడు, తాత మనవడికి ఇల్లు రాసిస్తాడు. తమాషా ఏమిటంటే ‘ఫెర్‌ష్రైబెన్’కు కూడా పాత వాడుకలో ఆస్తి రాసివ్వడం అనే అర్థం ఉంది. గోథే నాటకంలో ఫౌస్టు దయ్యంతో కుదుర్చుకున్నటువంటి బేరానికీ జర్మన్లు ఈ మాటే వాడతారు. అదే మాటకు ముందు ‘జిఖ్’ చేరిస్తే రాయబోయింది ఒకటి, రాసింది ఒకటి అని. మందుచీటీ దగ్గర నర్సుకు ఈ తేడా తెలిసి తీరాలి. మందుబిళ్ల వేసుకోవడం ‘ఐన్‌నేమెన్’, రోగిని ఆసుపత్రిలో చేర్చుకోవడం ‘ఔఫ్‌నేమెన్’. ‘ఆప్‌నేమెన్’ అంటే రక్తం తీయడమూ అవుతుంది, ఒళ్లు తగ్గడమూ అవుతుంది. అన్నిట్లోనూ ఉన్నది తీసుకోవడం అనే ‘నేమెన్’ ఒక్కటే.

పిల్లల్ని నిజంగా ఏడిపించేది ఉపసర్గ ఊడిపోవడం. చేరుకోవడం ‘ఆన్‌కొమెన్’. రైలు ఎనిమిదింటికి సికింద్రాబాద్ చేరుతుంది అనడానికి ‘దేర్ త్సూగ్ కొమ్ట్ ఉమ్ ఆఖ్ట్ ఊర్ ఇన్ సికింద్రాబాద్ ఆన్’ అంటారు. క్రియ రెండోచోట కూర్చుంటుంది, ‘ఆన్’ మాత్రం వాక్యం చివర దిగుతుంది. 1880లో మార్క్ ట్వేన్ దీన్ని తెగ వెక్కిరించాడు. ఇంగ్లిష్ వాడికి వింత కావచ్చు, మనకెందుకు వింత? వాక్యం చివరిదాకా ఆగితే తప్ప చేశాడో చేయలేదో తేలని భాష మనది. పైగా వేదభాషలో ఉపసర్గ క్రియకు ఎడంగా నిలబడొచ్చని పాణిని సూత్రమే రాశాడు. అక్కడ కూడా, ఒక వాక్యం ఇంకోదానిలో ఒదిగితే ఉపసర్గ మామూలుగా క్రియను అంటిపెట్టుకుంటుంది. జర్మన్‌లో ‘అని’ అనే అర్థమిచ్చే ‘దస్’ తరవాత ‘ఆన్‌కొమ్ట్’ అని కలిసిపోయినట్టే.

ఊడేదేదో ఊడనిదేదో చెవికే తెలుస్తుంది. ‘బె’, ‘ఎంట్’, ‘ఎర్’, ‘ఫెర్’, ‘త్సెర్’ లాంటివి ఊడవు, వాటిమీద ఊనిక పడదు. ‘ఉమ్’ లాంటివి రెండు రకాలుగానూ నడుస్తాయి. ‘ఉమ్‌ఫారెన్’లో ‘ఉమ్’ను ఒత్తి పలికితే బండితో గుద్ది పడేయడం, ‘ఫా’ను ఒత్తితే చుట్టూ తిరిగి తప్పించుకుపోవడం. సంగీత్ చౌరస్తాలో నిలబడ్డ ట్రాఫిక్ పోలీసుకు ఈ రెంటి మధ్య చాలా దూరం ఉంది.

కేంద్రాలవాళ్ల జవాబు నాకు తెలుసు. బ్యాచ్‌లో మలయాళీ పిల్లలూ హిందీ పిల్లలూ ఉంటారు, పరీక్ష జర్మన్‌లో ఉంటుంది, తెలుగుతో ఏం పని అని. మొదటి మాట నిజమే, క్లాసులో ఇంగ్లిష్ తప్పదు. చిన్న పుస్తకానికి మాత్రం ఆ అడ్డు లేదు. తార్నాకలో జర్మన్ పండితులున్నారు, తెలుగు విశ్వవిద్యాలయంలో వ్యాకరణం తెలిసినవాళ్లున్నారు. నేమెన్, ష్రైబెన్, కొమెన్, ష్టైగెన్, ష్టేయెన్ లాంటి పది ధాతువులు తీసుకుని, ఒక్కోదాని కుటుంబాన్ని వార్డులో వినబడే వాక్యాలతో, తెలుగు అర్థాలతో అచ్చువేస్తే వంద పేజీలు దాటదు. ఖర్చు టామ్‌కామ్ పెట్టుకోవాలి. ప్రూఫులు నేను ఊరికే దిద్దిపెడతాను.